వానకు రిజిస్టరుంది, ఎండకు లేదు

మా ఖేడ్ మూడు జిల్లాలు చూసింది. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది, మేం మెదక్ జిల్లాలోకి వచ్చాం. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, కచేరీ కాగితాలే తిరిగాయి. నిజాం జమానాలో ఉర్దూలో, ఫసలీ లెక్కన, తర్వాత ఇంగ్లిషులో, ఇప్పుడు కంప్యూటర్లో. మా వైపు పాత వేసవుల సంగతి రాద్దామని కూర్చున్నవాడు ముందు ఈ గడపలన్నీ దాటాలి.

వాన సంగతి కొంత నయం. తాలూకా కచేరీ ఆవరణలో వాన కొలిచే డబ్బా పెట్టడం, పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రిజిస్టర్లో ఎక్కించడం చాలాకాలంగా ఉన్న పద్ధతే. శిస్తు మాఫీ చేయాలన్నా, కరువు ప్రకటించాలన్నా సర్కారుకు ఆ అంకె కావాలి. ఎండతో సర్కారుకు అంత పని పడలేదు. థర్మామీటరు పెట్టిన అబ్జర్వేటరీలు మా చుట్టూ ఉన్నాయి: బీదరు, నిజామాబాదు, మెదక్, హైదరాబాదు. హైదరాబాదు బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది, ఆ నగరానికి అదే రికార్డు. అదే రోజు ఖేడ్ బజారులో ఎంత ఉందో చెప్పే కాగితం ఉండదు, కొలిచే సాధనమే లేనప్పుడు కాగితం ఎక్కడిది? ఇప్పుడు రాష్ట్రమంతా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు పెట్టారు, మండలానికొకటైనా ఉంది. చాలా మంచి పని. కానీ వాటి జ్ఞాపకం చిన్నది. మా ఊరి ఎండకు తాతల నాటి ఖాతా లేదు.

నేను సైన్సు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా తాతగారి వ్యవసాయం లెక్కల పుస్తకాలు కొన్ని చెదలు తినగా మిగిలినవి నా దగ్గరున్నాయి. అందులో తేదీలు ఫసలీవి. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. మన మే నెల దాదాపుగా వాళ్ల తీర్, జూన్ అమర్దాద్. ఆ తీర్ నెలల పేజీలు ఎన్నిసార్లు తిరగేసినా ఎండ అన్న మాట కనపడదు. బావి పూడిక తీసిన కూలి కనపడుతుంది. బర్రె చచ్చిందని ఉంటుంది, గడ్డి కొన్న ఖర్చు ఉంటుంది. ఏ ఏడు పూడిక కూలి రెండుమార్లు పడిందో ఆ ఏడు బావి అడుగంటిందని మనమే అర్థం చేసుకోవాలి. ఎండ ఆయనకు ఖర్చు పద్దుగానే తెలుసు, అలాగే రాశాడు. చరిత్రకారులు దీన్ని చిన్నచూపు చూస్తారేమో గానీ నాకు మాత్రం ఇది మంచి సాక్ష్యం. అబద్ధం రాసే అవసరం లేని చోట రాసిన రాత.

అసలు కొలవడం మనకు కొత్త కాదు. 1909లో మైసూరులో ఆర్. షామశాస్త్రి అచ్చు వేయించిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, ధాన్యాగారం అధికారి దగ్గర మూరెడు మూతి ఉన్న వానపాత్ర ఉండాలని ఉంది. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో కూడా చెప్పాడు. జాంగల దేశాలకు, అంటే పొడి నేలలకు, పదహారు ద్రోణాలు, అవంతికి ఇరవైమూడు, అశ్మకానికి పదమూడున్నర అని షామశాస్త్రి అనువాదం. అశ్మక రాజధాని మాకు ఉత్తరాన ఉన్న బోధనేనని తెలంగాణ చరిత్రకారులు చాలామంది అంటారు. అది ఒప్పుకుంటే, మా వైపు వాన తక్కువన్న మాటకు రెండు వేల ఏళ్ల నాటి అంకె దొరికినట్టే. ద్రోణాన్ని మిల్లీమీటర్లలోకి మార్చే లెక్కలు నలుగురు నాలుగు రకాలుగా చేశారు, ఆ తగవులోకి నేను పోను. అవంతి కంటే అశ్మకానికి తక్కువని ఎవరో కొలిచి చెప్పారు, నాకు అది చాలు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో మూరెడు వెడల్పు పాత్రతో కొలిచి, యాభై పలాలు ఒక ఆఢకమన్నాడు. ఆ ఆఢకం ఇప్పటికీ బతికే ఉంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో సముద్రం మీద ఇన్ని వంతులు, కొండల మీద ఇన్ని, భూమి మీద ఇన్ని అని అయ్యగారు చదివేది దాన్నే. తేడా ఒక్కటి. వరాహమిహిరుడు వాన పడ్డాక కొలవమన్నాడు, మనం పడక ముందే పంచుతున్నాం.

రైతు లెక్క వేరు. ఆయనకు కార్తె గడియారం. రోహిణి కార్తెలో రోళ్లు పగలాలి, మిరుగంలో మొగులు పట్టాలి. రోహిణి అంటే సుమారు మే 25 నుంచి జూన్ 7 దాకా, ఆ వెంటనే మృగశిర, అదే మా మిరుగం. ఎండ బాగా కొడితేనే వాన బాగా పడుతుందని మా దగ్గర గట్టి నమ్మకం, అందుకే రోహిణిలో కాస్త చల్లబడితే సంతోషించరు, అనుమానిస్తారు. పడ్డ వానను పదునుతో కొలుస్తారు. జానెడు పదును, దుక్కి పదును అంటే మట్టిలోకి నీళ్లు ఎంత లోతు దిగాయో చెప్పడం. రేగడిలోనూ ఎర్ర చెలకలోనూ ఒకే వాన వేర్వేరు పదునిస్తుంది కాబట్టి, మిల్లీమీటర్ల కంటే అదే ఆయనకు పనికొచ్చే కొలత. సరిహద్దు అవతలి మరాఠీ రైతులు తీతువు గూడు చూస్తారు. చెరువు అడుగున గుడ్లు పెడితే నీళ్లు రావని, గట్టు మీద పెడితే చెరువు నిండుతుందని, గుడ్లెన్నో వాన నెలలన్ని అని. తీతువు మామూలుగా నాలుగే పెడుతుంది, వానాకాలమూ నాలుగు నెలలే. ఈ లెక్క తప్పడం కష్టం!

జహీరాబాదు దిక్కు ఆడవాళ్లు ఇంకో సంగతి కనిపెట్టుకుని ఉన్నారు. వానాకాలం వెళ్లాక, ఒక్క తడి ఇవ్వకుండా, నేలలో మిగిలిన తేమతో, చలికాలపు మంచుతో పండే శనగ, కుసుమ, అవిసె, తెల్లజొన్న లాంటివాటిని వాళ్లు సత్యం పంటలంటారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దానికి ప్రాణంగా నిలిచిన పి.వి. సతీష్ ఈ పంటల గురించి లోకానికి చెప్పారు. 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియోలో ఆ ఆడవాళ్లే మైకు ముందు కూర్చుని మాట్లాడారు. మంచు పడడాన్ని అంత శ్రద్ధగా చూసేవాళ్లు వాతావరణ శాఖలోనూ తక్కువ.

ఇక డబ్బా కథ. తాలూకా కచేరీల్లో తరాలుగా వాడిన ఐదంగుళాల మూతి డబ్బా పేరు సైమన్స్ వర్షమాపకం. పదోతరగతి పిల్లలకు ఆ పేరు చెప్పేవాణ్ణి గానీ, సైమన్స్ ఎవరో చాలాకాలం నేనే పట్టించుకోలేదు. జార్జ్ జేమ్స్ సైమన్స్ లండన్‌వాడు. 1850ల్లో ఇంగ్లండ్‌లో వరసగా కొన్నేళ్లు వానలు తగ్గాయి. నీళ్లు నిజంగా తగ్గుతున్నాయా, మనకు అలా అనిపిస్తోందా అని అడిగితే జవాబు చెప్పే అంకె లేదు. 1860లో ఆయన ఊరూరా ఔత్సాహికులను కూడగట్టాడు. పాదిరీలు, డాక్టర్లు, భూస్వాములు, ఇంటి ఇల్లాళ్లు తమ పెరట్లో డబ్బా పెట్టుకుని, పొద్దున్నే చూసి, ఏడాది చివర ఆయనకు కాగితం పంపేవారు. మొదటి ఏడు 168 చోట్ల నుంచి లెక్కలొచ్చాయి. 1900లో ఆయన చనిపోయేనాటికి ఆ సంఖ్య మూడు వేలు దాటింది. ఎవరికీ జీతం లేదు. అంటే మా తహసీలు ఆవరణలోని సర్కారు డబ్బా ఒక కరువు భయంలోంచి, జీతం లేని మనుషుల చేతుల్లోంచి వచ్చింది. సర్కారు తర్వాత అందుకుంది.

తెలుగు గడ్డ మీద అంతకంటే ముందే ఒకాయన ఉన్నాడు. విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు పదిహేడేళ్లకే మద్రాసు వెళ్లి, కుంపిణీ ఖగోళవేత్త టి.జి. టేలర్ దగ్గర చదువుకుని వచ్చి, 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో ఇంట్లోనే వేధశాల కట్టాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు. ఆకాశంతోపాటు గాలి, పీడనం, వాన రాసి పంపాడు. బంగాళాఖాతం ఒడ్డున అలాంటి రాత ఎంత విలువైందో తుఫాను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. హైదరాబాదులోనూ నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి దుర్భిణి తెప్పించి పెట్టిన సొంత ముచ్చటే, ఆయన పోయాక 1908లో నిజామియా అబ్జర్వేటరీగా సర్కారు చేతికి వచ్చింది. ఆయన చూపంతా నక్షత్రాల మీదే ఉంది కాబట్టి నా కథకు అంత పనికిరాడు.

భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకుముందు 1864 కలకత్తా తుఫాను, 1866లో, 1871లో వానలు తప్పడం దానికి కారణాలు. శాఖ పుట్టిన మరుసటి ఏడే ధాత కరువు మొదలైంది, 1876 నుంచి 78 దాకా దక్కన్‌నూ మద్రాసు రాజధానినీ ఊడ్చింది. తర్వాత 1904 నుంచి 1924 దాకా ఆ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. వాన ఎందుకు తప్పుతోందో ఆకాశంలో వెతకలేదు, రిజిస్టర్లలో వెతికాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత వాన లెక్కలు, పీడనం లెక్కలు పోల్చి, పసిఫిక్ మీద గాలి బరువు ఒకవైపు పెరిగితే ఇంకోవైపు తగ్గే ఊగిసలాట ఒకటుందని తేల్చాడు. ఇవాళ ప్రతి వేసవిలో టీవీలో వినే ఎల్‌నినో కథకు సగం పునాది అదే. పేరు వాకర్‌ది. రాసినవాళ్లు ఊరూ పేరూ లేని గుమాస్తాలు, పోస్టుమాస్టర్లు. వాళ్లు ఏ ఒక్క రోజైనా చూడకుండా అంకె వేసి ఉంటే వాకర్‌కు తెలిసేదే కాదు, అదీ ఈ పనిలో ఉన్న పెద్ద ప్రమాదం.

నా పని చాలా చిన్నది. పెరట్లో పాత కిటికీ రెక్కలతో వడ్రంగి చేసిన తెల్ల పెట్టె ఉంది, నాలుగు కాళ్ల మీద, తలుపు ఉత్తరానికి. ఎండ థర్మామీటరు మీద పడకూడదు, గాలి మాత్రం ఆడాలి. ఈ పెట్టె నమూనా థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరుది. దీపస్తంభాలు కట్టేవాడు, ట్రెజర్ ఐలాండ్ రాసిన నవలాకారుడి తండ్రి. పక్కన వాన డబ్బా. 2015-16 ఈ సరంజామాకు పెద్ద పరీక్ష పెట్టింది.

2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా జనం చనిపోయారు. ఆ తర్వాత వానాకాలం మొహం చాటేసింది. తెలంగాణ 231 మండలాలను కరువు మండలాలని ప్రకటిస్తే, మెదక్ జిల్లాలోని 46కు 46 అందులో ఉన్నాయి. మంజీరా మీద సింగూరు జలాశయం ఎండింది, హైదరాబాదుకు అక్కణ్నుంచి పోయే నీళ్లు ఆగిపోయాయి. అదే నది ఎగువన ఉన్న లాతూరుకు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైల్లో నీళ్లు మోశారు. ఆ ఫిబ్రవరిలో ఖేడ్‌లో అసెంబ్లీ ఉప ఎన్నిక జరిగింది. ఏ మీటింగుకు పోయినా మాట తిరిగి తిరిగి బిందె దగ్గరికే వచ్చేది.

నా పెట్టె కింద పొట్టి గడ్డి ఉండాలి. అది నియమం. ఒట్టి నేల మీదైతే కింది సెగ పెట్టెలోకి కొట్టి అంకె పెరుగుతుంది. ఆ వేసవి గడ్డి మాడిపోయింది. ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాట జరుగుతుంటే గడ్డికి నీళ్లు పోయడం నాకు చేతకాలేదు. ఆ రోజు నుంచి ప్రతి పేజీ పైన ‘కింద గడ్డి లేదు’ అని రాసి పెట్టాను. కరువు ఏడు అంకె నిజంగానే ఎక్కువా, గడ్డి లేక ఎక్కువా అని రేపు ఎవరైనా అడిగితే ఆ ముక్కే జవాబు. తడి థర్మామీటరుది ఇంకో తంటా. దాని గుండుకు చుట్టిన మల్లు గుడ్డ ఎప్పుడూ తడిగా ఉండాలి. మా బోరు నీళ్లు పోస్తే సున్నం పట్టి గుడ్డ రాయవుతుంది, అందుకని బ్యాటరీల కొట్టు నుంచి డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చేవాణ్ణి. మధ్యాహ్నానికి చిన్న గిన్నె ఎండిపోయేది. ఎండిందో, ఉడుత తాగిందో!

ఈ తడి థర్మామీటరు ఎందుకంటే, ఎండ ఒక్కటే మనిషిని చంపదు. మా వైపు 43 డిగ్రీలున్నా గాలిలో తేమ పదిహేను శాతమే ఉంటే తడి థర్మామీటరు 23 దగ్గర ఆగుతుంది. అంటే చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, నీళ్లు తాగుతూ నీడన ఉంటే బతికిపోతాం. కోస్తాలో 36 డిగ్రీలే ఉండి తేమ యాభైఐదు శాతమైతే అది 28 దాటుతుంది, చెమట ఆరక ఉడికిపోతారు. పొడి ఎండ దొంగదెబ్బ తీస్తుంది, చెమట పట్టినట్టే తెలియకుండా ఒంట్లో నీళ్లు పోతాయి. రంజన్‌లో నీళ్లు మస్తుగా చల్లబడ్డాయంటే గాలి అంత పొడిగా ఉందన్నమాట. ఉపాధి హామీ పనికి పోయేవాళ్లకు నేను ఇదే చెప్పేవాణ్ణి: నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఆ రోజు అంత ఎక్కువ తాగండి.

అన్నిటికంటే కష్టమైన పని వాన డబ్బాది. పడని వానను రోజూ పోయి చూడాలి. గరాటులో కందిరీగ గూడు కడుతుంది, దుమ్ము చేరుతుంది, పిల్లలు గులకరాళ్లు వేస్తారు. రోడ్డు మీద పోయే రైతు ఒకాయన నవ్వేవాడు.

‘సారూ, ఏం జూస్తున్నవ్? మొగులే లేకపాయె.’

‘లేదని రాస్తున్న.’

‘లేంది గూడ రాస్తరా?’

రాయాలి. సైన్సు క్లబ్బు పిల్లల రిజిస్టర్లు చూసినప్పుడల్లా ఇదే గమనించాను. జూలైలో గడులన్నీ నిండి ఉంటాయి. వాన తప్పిన నెల రాగానే గడులు ఖాళీ. సున్నా పడిన రోజు, చూడని రోజు ఒకలాగే కనపడతాయి. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాడికి కరువు జరిగిందో, పిల్లలు సెలవులకు పోయారో తెలియదు. కరువు ఏళ్లే ఎక్కువ చెరిగిపోయేది ఇందుకే. పెద్ద వాన ఎవడైనా రాస్తాడు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద గురించి లెక్కలున్నాయి, ముచ్చట్లున్నాయి. ఎండిన ఏళ్లకు పేర్లే మిగిలాయి: నందన కరువు, ధాత కరువు, డెబ్బైరెండు కరువు.

2016 సెప్టెంబరు చివర కుండపోత పడి సింగూరు నిండింది. అప్పుడు జనం నన్ను ఆపి మరీ అడిగారు, ఎన్ని మిల్లీలు పడ్డదని. ఏప్రిల్‌లో ఎవరూ అడగలేదు.

ఇప్పటి కుర్రాళ్లు వేరే దారిన పోతున్నారు. తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతో రాసే యువకుడి మాట కోసం మా పత్తి రైతులు కూడా ఫోన్లు చూస్తారు. ఆంధ్రలో అదే పని చేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరును 2021లో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. యూరప్, అమెరికా మోడళ్లు చదివి, మండల కేంద్రాల అంకెలు చూసి, తెలుగులో సూటిగా చెబుతున్నారు. సర్కారు బులెటిన్ జిల్లాను చెబితే వీళ్లు ఊరి దిక్కు చెబుతారు. గౌరవించాల్సిన పని. కానీ అంచనా రేపటితో పాతబడుతుంది. నమోదు రేపటి నుంచి విలువ పెంచుకుంటుంది. మన ఔత్సాహికులంతా మొదటిదాని మీదే పడ్డారని నా ఫిర్యాదు. పేరూ లైకులూ అక్కడున్నాయి, కాదనను.

కాబట్టి ఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మాస్టర్లకూ పిల్లలకూ ఒక మాట. ఈ మిరుగం లోపల నిలువు గోడల డబ్బా ఒకటి చూసుకోండి, పాల డబ్బా అయినా సరే. చెట్టుకూ గోడకూ దూరంగా, కదలకుండా పాతండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి చూడండి. ఒక మిల్లీమీటరు పడితే మీ ఎకరం మీద నాలుగు వేల లీటర్లు పడ్డట్టు. వంద రూపాయల థర్మామీటరు కొని ఉత్తరపు నీడలో, మనిషి ఛాతీ ఎత్తున కట్టండి. ఎక్కడ కట్టారో, కింద గడ్డి ఉందో బండ ఉందో రాయండి, చోటు మారిస్తే ఆ తేదీ రాయండి. ఏడాది చివర ఒక నకలు బడి బీరువాలో పెట్టండి. ఊరికి పోయి చూడలేకపోతే ‘చూడలేదు’ అని రాయండి. చూసినా వాన లేకపోతే సున్నా రాయండి. గడి మాత్రం ఖాళీగా వదలకండి.